చదివినవారు: 14

వంటింటి బల్ల దగ్గర్నుంచి,
జూన్ 11

ఒసే పిడుగా,

సోమవారం పొద్దున ల్యాబ్‌కి వెళ్ళి కంప్యూటర్ స్విచ్చి వేశాను. ఇరవై ఆరేళ్ళుగా రోజూ చేసే పనే. కానీ ఆ రోజు లేచింది నా కంప్యూటర్ కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నా ఎదురుగా కూర్చుని పళ్ళికిలించినట్టుంది. బటన్ల మూలలన్నీ ఎవరో నాకేసినట్టు గుండ్రంగా ఉన్నాయి. అక్షరాల వెనక మంచు. ఆ మంచు వెనక ఇంకేదో కనిపించీ కనిపించకుండా ఉంది. ఇది మీ కంపెనీ ఘనకార్యమేనని తెలిసింది. ఫోన్లో తిడదామంటే నువ్వు మధ్యలో నవ్వుతావు, నా ధార తెగిపోతుంది. కాగితం మీదయితే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

మీ నాన్న సంగతి విన్నావా? కొత్త స్క్రీన్ చూసి మసి పట్టిందనుకుని తడిగుడ్డతో తుడిచాడట. పోలేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. పోలేదు. ట్యూబ్‌లైటు మార్చాడు. ఆఖరికి నాకు ఫోన్ చేసి, "అక్కా, మన కంప్యూటర్‌కి శుక్లాలొచ్చాయే" అన్నాడు. వాడి జన్మలో వాడన్న తెలివైన మాట అదొక్కటే.

అసలు ఎవరడిగారే మిమ్మల్ని? పాతదానికి ఏం రోగం వచ్చింది? పోనీ వేగమైనా పెరిగిందా అంటే అదీ లేదు. ప్రింటర్ ఇదివరకు మొరాయించినట్టే ఇప్పుడూ మొరాయిస్తోంది, కాకపోతే మొరాయిస్తున్నానని చెప్పే అక్షరాలు నాజూగ్గా ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం.

అన్నిటికంటే ఒళ్ళు మండేది ఒకటుంది. విండో నెత్తిన నీలం పట్టీ ఉండేది చూడు, మనం టైపు చేసే విండోకి ముదురు నీలం, ఊరికే తెరిచి ఉంచినవాటికి వెలిసిపోయిన నీలం. అది పీకేశారు. ఇప్పుడన్నీ తెలుపే. నేను ఏ విండోలో టైపు చేస్తున్నానో నాకే తెలీడం లేదు. మీ పెద్ద డిజైనర్ ఎవరోగానీ, అద్దాలంటే అంత మోజయితే అద్దాల కొట్టు పెట్టుకోమను. ఇకనుంచి ఆయన పేరు అద్దాలయ్య.

నువ్వు ఆ ఆఫీసులో ఏం చేస్తావో ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదు. ఈ పాపంలో నీ చెయ్యి ఎంతుందో దాచకుండా రాయి.

నీ మీద సగం, వాళ్ళ మీద మొత్తం కోపంతో,
అత్త


ఆఫీసు, ఆరో అంతస్తు,
జూన్ 24

అత్తా,

నీ ఉత్తరం టీ బల్ల దగ్గర అందరికీ చదివి వినిపించాను. అద్దాలయ్య పేరు అప్పుడే అంటుకుపోయింది. ఇప్పుడా పేరు తెలియనిది ఆఫీసు మొత్తంలో ఆయనొక్కడికే.

నా చెయ్యి ఎంతుందని అడిగావు కాబట్టి చెప్తున్నా. బొమ్మలు గీసేది నేను కాదు. బొమ్మలు మారాక జనం ఏమంటున్నారో చదివేదాన్ని. స్క్రీన్ అడుగున అభిప్రాయం రాయడానికి ఒక ఫారం పెట్టాం. అందులో రాసినవి రోజుకి ఏ మూడొందలో నా దగ్గరికి వస్తాయి. ప్రతిదాన్నీ రెండు డబ్బాల్లో ఒకదాంట్లో వెయ్యాలి. ఒకటి 'లోపం', రెండోది 'అలవాటు'. పక్కన మాకు మేం గుర్తుగా ఒక ముక్క రాసుకుంటాం. అలా చదివేవాళ్ళం ఇరవై మందిమి. పేర్లుండవు, నంబర్లే. నాది పద్నాలుగు. రెండో తరగతిలో నా రోల్ నంబరూ అదే, గుర్తుందా?

మా దగ్గర ఎనిమిది వారాల రూలని ఒకటుంది. ముఖం మారిన మొదటి ఎనిమిది వారాల్లో వచ్చే తిట్లు తిట్లే కావని అద్దాలయ్య సిద్ధాంతం. కొత్త చెప్పు కరుస్తుంది, నడవగా నడవగా సర్దుకుంటుంది. కంప్యూటర్ ఆగిపోయిందనో, ఫైలు మాయమైందనో రాస్తేనే లోపం. కంటికి కనబడటం గురించి ఎవరేం రాసినా అలవాటే. అందులో పడ్డది ఇక పైకి పోదు.

మొదట్లో నాకూ అన్యాయమనిపించింది. కానీ ఈ జనాన్ని పదిరోజులు చదివి చూడు, నువ్వే డబ్బా మూత వేసేస్తావు. చెత్తబుట్ట బొమ్మ రంగు వెలిసిపోయిందని ఒకాయన మూడుసార్లు రాశాడు. చెత్త పారేసేవాడికి రంగుతో ఏం పని? గడియారం అంకెలు సన్నబడ్డాయి, ఆ కిటుకేదో నాకూ చెప్పండి అని ఒకావిడ. ఇంకెవరికో తన విండో మేలుకుని ఉందో నిద్రపోతోందో తెలియడం లేదట! దానికో జోలపాట కట్టి పంపిద్దామా అన్నాను నేను, మా వరస వరసంతా పడీపడీ నవ్వింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని చేతకాని ప్రతివాడికీ ఇప్పుడు మేమే దొరికాం.

ఇక నీ నీలం పట్టీ. అది ఏనాటి ఫ్యాషనో తెలుసా? అయినా నా వేళ్ళ మీద గుడ్డ కప్పి టైపు నేర్పినదానివి, నీకు పట్టీలెందుకు అత్తా? నీ వేళ్ళకే కళ్ళున్నాయి. రెండు నెలల్లో ఇదే బావుందంటావు. పందెం.

ఏ పాపం ఎరగని
పిడుగు


వంటింటి బల్ల,
జూలై 3

పిడుగా,

నీ ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను. పద్నాలుగు గుర్తుంది. ఆ ఏడాది నీ పుస్తకాలన్నిటి మీదా ఆ నంబరు రాసిపెట్టింది నేనే.

నీకు గుడ్డ కప్పి నేర్పింది వేళ్ళని చూడకుండా ఉండటానికి. ఎక్కడ రాస్తున్నావో చూడకుండా ఉండటానికి కాదు. నువ్వు మా ల్యాబ్‌కి చాలాసార్లు వచ్చావు గానీ నా పని ఎప్పుడూ నిలబడి చూడలేదు. టెక్నీషియన్ చేత్తో రాసిన కాగితం నా ఎడంపక్క స్టాండుకి పెట్టుకుంటాను. కళ్ళు దాని మీదే ఉంటాయి. ఎప్పుడూ రెండు రిపోర్టులు తెరిచి ఉంచుతాను, ఎందుకంటే ఒక మనిషి పరీక్షల్లో ఏదో ఒకటి ఆలస్యమవుతుంది, ఈలోగా రెండో మనిషిది నడుస్తుంది. తల తిప్పక్కర్లేదు. ఓరకంట నీలం ఎటుందో తెలిసిపోతుంది, నీలం ఎటుంటే నా వేళ్ళు అటు. రోజుకి నూటయాభై రిపోర్టులు. మా డాక్టరమ్మ నా టైపు మీద నమ్మకంతో అంకెలు చూడకుండానే సంతకం పెట్టేస్తుంది. ఇప్పుడేమో ప్రతిసారీ తల తిప్పాలి, రోగి పేరు చదవాలి, మళ్ళీ కాగితం వైపు తిరగాలి. సాయంత్రానికి మెడ కొయ్యబారిపోతోంది. మీ అద్దాలయ్యకి ఈ మెడ ఒక వారం అరువిస్తాను, వాడుకుని చూడమను.

చెప్పు కరవడం గురించి ఏదో అన్నాడు కదా ఆయన. కరిచే చెప్పుని జనం రెండు నెలలు భరించేది పాదం కాయకాచే దాకా. అప్పుడిక నొప్పి తెలీదు. చెప్పు మంచిదని కాదు.

మీ ఫారంలో మూడొందల అక్షరాలకి మించి పట్టదు కదా. మనిషి దణ్ణం పెట్టి మొదలెట్టేసరికే అయిపోతాయి.

ఒక్క మాట అడుగుతాను. వెటకారం కాదు. ఆ అలవాటు డబ్బాలో వేసినవి మళ్ళీ ఎవరైనా తీసి చూస్తారా? ఎనిమిది వారాలు అయ్యాకైనా?

అత్త


ఆఫీసు, ఆరో అంతస్తు,
ఆగస్టు 5

అత్తా,

తీయరు. తీసి ఏం చేస్తాం? ఎనిమిది వారాలూ అయిపోయాయి. గోడ మీద పెద్ద గ్రాఫ్ పెట్టారు. మొదటి వారం కొండంత తిట్లు, ఎనిమిదో వారానికి పుట్టంత. పదో వంతు కూడా లేవు. అద్దాలయ్య కేకు కోసి, "చూశారా, ప్రేమించడం మొదలెట్టారు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. మామూలుగా ఆయన మాటలకి నాకు చిరాకు, కానీ గ్రాఫ్‌ని కాదనలేం కదా.

ఇంకో కబురు. మా వరస మొత్తానికి నన్ను పెద్దగా వేస్తారట. డబ్బాలో వెయ్యడంలో నా అంత చెయ్యి తిరిగినవాళ్ళు లేరట. నా కింద ఒక్క అలవాటు డబ్బాలోనే పదకొండు వేల చిల్లర పడ్డాయి. ఎక్కడా తడుముకోలేదు. జనాన్ని రెండు నెలలు చదివాక నాకు తెలిసిందొకటే, వీళ్ళకి గోడ మీద మేకు కదిలినా ఇల్లు కూలిపోయినంత గోల. మర్నాడు ఆ కదిలిన మేక్కే చొక్కా తగిలిస్తారు.

నేను జవాబు రాయడం ఆలస్యమైంది, ఒప్పుకుంటా. కానీ నెల దాటినా తిడుతూ ఒక్క ముక్కా రాయలేదు నువ్వు. అలిగావా? పందెం ఓడిపోయానని ఒప్పుకోవడానికి మొహం చెల్లడం లేదా?

గెలిచిన
పిడుగు


ల్యాబ్ ముందు కౌంటర్,
ఆగస్టు 20

చిట్టితల్లికి,

నీకు పెద్ద పని వచ్చిందని మీ నాన్న కూడా చెప్పాడు. సంతోషం. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో.

ఇక్కడ అంతా బాగానే ఉంది. ఈమధ్య నేను ముందు కౌంటర్లో కూర్చుంటున్నాను. వచ్చినవాళ్ళకి టోకెన్లు ఇస్తాను. తలుపు ఎదురుగా కాబట్టి గాలి బాగా వస్తుంది. మనుషులు కనిపిస్తారు, పొద్దుపోతుంది. పాత గదిలో ఏముంది, నాలుగు గోడలూ ఒక ప్రింటరూ.

కంప్యూటర్ సంగతి అడిగావు. బాగానే ఉంది. అలవాటైంది. తెలుపు కంటికి చల్లగా ఉంటుంది. పందెం నువ్వే గెలిచావు. అద్దాలయ్య గారికి నా నమస్కారాలు చెప్పు.

అత్త


ఆఫీసు, ఆరో అంతస్తు,
ఆగస్టు 29

అత్తా,

ఏమైంది?

నువ్వు ఈ జన్మలో దేన్నీ 'బాగానే ఉంది' అనలేదు. నేను క్లాసులో ఫస్టు వస్తే, "మిగతావాళ్ళు రాయలేదా?" అన్నదానివి. మా అమ్మానాన్నల పెళ్ళి ఫోటో చూసి, "కుర్చీ బాగా పడింది" అన్నదానివి. అలాంటిది, అద్దాలయ్యకి 'గారు' తగిలించి నమస్కారాలు పంపుతావా? నన్ను చిట్టితల్లి అంటావా?

నాన్నకి ఫోన్ చేశాను. "మీ అత్తనే అడుగు" అని పెట్టేశాడు. ఇరవై ఆరేళ్ళు ఆ కుర్చీలోంచి లేవనిదానివి, జ్వరం వచ్చినా చెయ్యి కదిలితే చాలని వెళ్ళినదానివి, టోకెన్లు ఎందుకిస్తున్నావు? గాలి కోసమా?

మాటలో అబద్ధం దాగుతుంది, రాతలో దొరికిపోతుందని నువ్వే చెప్పేదానివి. దొరికిపోయావు. రాయి.

పిడుగు


వంటింటి బల్ల,
సెప్టెంబర్ 8

పిడుగా,

సరే, విను.

జూలై ఇరవై రెండున రెండు రిపోర్టులు తెరిచి ఉన్నాయి. ఒకటి బడి టీచరమ్మది, ఒకటి లారీ డ్రైవర్‌ది. మొదట టీచరమ్మది కొట్టాననుకున్నాను. మీటలు నొక్కి రెండో విండోకి వెళ్ళాను. డ్రైవర్‌ది కొట్టాననుకున్నాను. మొదలుపెట్టిందే తప్పుడు విండోలో. ఆవిడ అంకెలన్నీ అతని పేరు కింద, అతనివన్నీ ఆవిడ పేరు కింద పడ్డాయి. ఆ పూట మెడ నొప్పిగా ఉండి తల తిప్పలేదు. ఓరకంట చూస్తే అంతా తెలుపే. రెండు కాగితాలూ ప్రింటు తీసి లోపలికి పంపాను. డాక్టరమ్మ ఎప్పట్లాగే సంతకం పెట్టింది.

ఆ టీచరమ్మ ఒంట్లో రక్తం సగానికి సగం లేదు. మేం ఇచ్చిన కాగితం చూసి ఆవిడకి అంతా బాగుందన్నారు. మర్నాడు పరీక్ష పేపర్ల కట్ట పట్టుకుని బడి మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. మణికట్టు విరిగింది. తల గోడకి తగలకుండా అంగుళంలో తప్పింది. ఆ డ్రైవర్ దున్నలా ఉంటాడు. అతనికేమో రక్తం లేదన్నారు. ఇంటిల్లిపాదీ ఏడుపులు. ఆ మనిషి నమ్మక మళ్ళీ పరీక్ష చేయించుకుంటే అప్పుడు బయటపడింది. మేం ఫోన్ చేసేటప్పటికే ఆవిడ పడిపోయి రెండు గంటలైంది. రక్తం ఎక్కించారు. ఇప్పుడు లేచి తిరుగుతోంది. రోజుకి రెండుసార్లు కనుక్కునేదాన్ని. ఆఖరికి ఆవిడే, "ఇంక చెయ్యకండమ్మా, మీ గొంతు వింటే నాకు జాలేస్తోంది" అంది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టైపు గది తాళంచెవి చెయ్యి చాపి తీసుకుని, "కొన్నాళ్ళు ముందు కూర్చోండి" అంది. అంతకుముందు నన్ను 'నువ్వు' అనేది.

సెప్టెంబర్ ముప్పైన కమిటీ కూర్చుంటుంది. నన్ను మళ్ళీ ఆ గదిలోకి రానివ్వాలో వద్దో అప్పుడు తేలుస్తారు. నాకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. గాలి, మనుషులు అని నీకు రాసినదంతా ఒట్టిదే. నాకా కుర్చీ కావాలే. దాని ఎడమ చెయ్యి కాస్త ఊగుతుంది, దాని కింద అట్టముక్క మడిచి పెట్టింది నేను. తప్పు చేసి పంపేస్తే పోయాను అనిపించుకుని పోవడం నాకిష్టం లేదు.

నీకు చెప్పకపోవడానికి కారణం ఏమీ లేదు. మీరు కేకు కోశారని రాశావు. ఆ పూట ఏం రాయను?

అత్త


ఇంటి దగ్గర్నుంచి,
సెప్టెంబర్ 19

అత్తా,

ఇది ఎలా రాయాలో నాకు తెలీడం లేదు. వరసగా రాస్తాను.

నీ ఉత్తరం చదివిన రోజు నేను అలవాటు డబ్బా తెరిచాను. ఎవరూ తెరవరు, తెరవకూడదని రూలేమీ లేదు. నీలాంటి ఇబ్బంది ఇంకెవరికైనా వచ్చిందేమో, నాలుగు సాక్ష్యాలు దొరికితే నీ కమిటీకి చూపించొచ్చని 'నీలం పట్టీ' అని వెతికాను. జూన్ పదమూడున వచ్చింది ఒకటి దొరికింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నమస్కారం. నేను ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేస్తాను. రెండు విండోలు పక్కపక్కన ఉంటే ఏది మేలుకుని ఉందో ఏది నిద్రపోతోందో ఇప్పుడు తెలియడం లేదు. ఇదివరకు నీలం పట్టీ ఉండేది. ఒకరి అంకెలు ఒకరికి పడతాయి. తప్పు జరుగుతుంది. జరక్కముందే చెబుతున్నాను. దయచేసి చూడండి."

కింద నా నంబరుంది. అలవాటు డబ్బాలో వేసింది నేను. జోలపాట జోకు వేసిందీ దీని మీదే, వేసి నీకే రాశాను. పక్కన గుర్తుగా ఒక ముక్క రాసుకుంటామని చెప్పాను కదా. అక్కడ నేను రాసింది: "పాతకాలపు టైపిస్టు. సర్దుకుంటారు."

నిన్ను గుర్తుపట్టలేదు అత్తా. ఎలా పడతాను? అందులో ఒక్క తిట్టు లేదు, ఒక్క సామెత లేదు. నువ్వు అంత మర్యాదగా రాయగలవని నాకు తెలీదు. నీ ఉత్తరంలో నీలం పట్టీ అని చదివి కూడా, ఆ రోజుల్లోనే అదే మాట ఫారంలో కనిపిస్తే, నాకు రెంటికీ ముడి పడలేదు. నేను చదవనే లేదు. చూసి వేశానంతే.

అద్దాలయ్య దగ్గరికి పట్టుకెళ్ళాను. చదివి, "జూన్‌ది కదా, ఎనిమిది వారాలు దాటిపోయాయి" అన్నాడు. మనిషి పడిపోయిందన్నాను. గ్రాఫ్ వైపు చూపించాడు. తగ్గినవి ప్రేమించి తగ్గలేదు, చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి మానుకున్నారు అన్నాను. వచ్చే ఏడాది సెట్టింగుల్లో ఎక్కడో ఒక మూల పట్టీ కావాల్సినవాళ్ళు పెట్టుకునేలా చేద్దాం, ఇప్పుడు తీసుకొస్తే ఓడిపోయినట్టుంటుంది అన్నాడు. ఆయన్ని ఇన్నాళ్ళూ ఎగతాళి చేసేదాన్ని. చేస్తూ చేస్తూ ఆయన పనే చేశాను.

దీంతోపాటు ఇంకో కాగితం పెడుతున్నాను. అది నీ కమిటీకి. నువ్వు ముందే హెచ్చరించావని, మా కంపెనీ పక్కన పడేసిందని, పడేసింది నేనేనని నా పేరుతో, సంతకంతో రాశాను. ఆఫీసు కాగితాలు బయటికిస్తే నా ఉద్యోగం ఉండదు. తెలుసు. ముప్పైన అది వాళ్ళ ముందు పెట్టు. నీ కుర్చీ నీకొస్తుంది.

నన్ను ఎంత తిట్టినా పడతాను. చిట్టితల్లి అని మాత్రం అనకు.

పిడుగు


ల్యాబ్ ముందు కౌంటర్,
అక్టోబర్ 4

ఒసే పిడుగా,

పద్నాలుగో నంబరు నువ్వేనని నాకు జూన్ నుంచీ తెలుసు.

ఫారం పంపిన రెండు వారాలకి మీ దగ్గర్నుంచి జవాబొచ్చింది. "మీ అభిప్రాయం చదివాం. విభాగం: అలవాటు. చదివినవారు: 14." ఎవడో ఈ పద్నాలుగుగాడు, వీడి జిమ్మడిపోనూ, వీడి ఇంట్లో తలుపులన్నీ ఒకే రంగు కానూ, ఏది వంటిల్లో ఏది స్నానాల గదో తెలియక తిరగనూ అని రెండు పూటలు తిట్టాను. మూడో నాడు నీ ఉత్తరం వచ్చింది. తిట్లు అక్కడితో ఆపాను. రెండో తరగతిలో నీ నంబరని మురిపెంగా రాశావు కూడా.

ఎందుకు చెప్పలేదంటావు. మీ నాన్న రక్తం పరీక్షకి వస్తే నేనేం చేశానో గుర్తుందా? నలభై మూడో టోకెన్ ఇప్పించి వరసలో నిలబెట్టాను. చుట్టరికం అడ్డం పెట్టుకుని ముందుకి తొయ్యడం నాకు చేతకాదు. ఫారం కూడా వరసలోనే పంపాను. వరసలో ఉన్నదాన్ని తోసేస్తే, పెరటి గుమ్మంలోంచి వచ్చి నేను మీ అత్తనొచ్చానని చెప్పనా? అందుకే ఆ డబ్బా మళ్ళీ తీస్తారా అని మాత్రం అడిగాను. నువ్వు తీయరన్నావు.

'పాతకాలపు టైపిస్టు' అన్నావు. నిజమే. టైపిస్టునే, పాతకాలమే. 'సర్దుకుంటారు' అన్నావు చూడు, నువ్వలా రాసుకున్నావని నాకు తెలీదు. ఆ జవాబులో లేదు. నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది. అది తగిలింది, దాచను.

నీ కాగితం కమిటీకి ఇవ్వలేదు. నీ ఉద్యోగం పోతుందని అనుకుంటావేమో, అంత త్యాగం నాలో లేదు. సంచీలో పెట్టుకునే వెళ్ళాను. తీసేదాన్నే. కానీ ఆ టీచరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది, చేతికి ఇంకా కట్టుంది. ఆవిడ ముందు కంప్యూటర్ రంగుల గురించి మాట్లాడటానికి సిగ్గేసింది. ఆడలేక మద్దెల ఓడని నువ్వో మాటన్నావు. నాకు ఆడటం వచ్చు. మద్దెలా ఓడే. కానీ ఓడు మద్దెలని తెలిసీ వాయించింది నేను. ఒక్క రిపోర్టే తెరిచి, నూటయాభైకి బదులు వంద చేసి, జనం తిట్టినా పడి ఉండాల్సింది. నా చేతివేగం చూసుకుని నాకు గర్వం. అదే చెప్పాను. తిలాపాపం తలా పిడికెడని పంచుకుంటూ పోతే ఎవరి గుప్పిట్లోనూ బరువుండదు. నా పిడికెడు నేను మోస్తాను. నీది నువ్వు మొయ్యి.

కుర్చీ ఇవ్వలేదు. రెండేళ్ళూ టోకెన్లే. ఇంటికొచ్చి ఏడ్చాను, మీ నాన్న కాఫీ కలిపి ఇచ్చాడు, అది తాగలేక ఏడుపు ఆపాను.

ఇప్పుడు అసలు సంగతి. నా కుర్చీలో కొత్తమ్మాయి వచ్చింది. చురుకైనది, నాకంటే వేగం. నిన్న గది తలుపు అద్దంలోంచి చూశాను. కాగితం ఎడంపక్క పెట్టుకుంది, రెండు రిపోర్టులు తెరిచి పెట్టుకుంది, రెండూ తెల్లగా ఉన్నాయి. లోపలికి వెళ్ళి, ఒక్కటే తెరువమ్మా, నా గతి చూశావుగా అన్నాను. నవ్వి, "అలవాటైపోతుందిలెండి మేడం" అంది.

అందుకని నీ కాగితం నీకే తిప్పి పంపుతున్నాను. ఇది మా కమిటీకి కాదు, మీ ఆరో అంతస్తుకి కావాలి. ఒక్క ఉత్తరానికి నీ అద్దాలయ్య కదలడు, వెయ్యి ఉత్తరాలు బల్ల మీద పోస్తే ఆయన అద్దమే పగులుతుంది. నీ డబ్బాలో పదకొండు వేల మంది ఉన్నారని నువ్వే గొప్పగా రాశావు. వాళ్ళలో ఆస్పత్రుల వాళ్ళెందరో, రైళ్ళు నడిపించే వాళ్ళెందరో, మందులు కట్టేవాళ్ళెందరో నాకు తెలీదు. నీకూ తెలీదు, చదవలేదు కాబట్టి. నన్నంటే అత్తనని వెతికి పైకి తీశావు. మిగతావాళ్ళకి ఆరో అంతస్తులో మేనకోడళ్ళు లేరే.

మొదటి నుంచీ మొదలుపెట్టు. ఆ చెత్తబుట్టాయన దగ్గర్నుంచి.

అత్త